కిటుకు ఎవరి సొత్తు?

1991లో నేను విజయవాడలో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుండేవాణ్ణి. చేత్తో అక్షరాలు కూర్చే పని ఇంకా సాగుతూనే ఉంది. కాని యజమాని అప్పటికే కంప్యూటరుకు బయానా ఇచ్చేశాడు. ఒకనాడు నన్ను పిలిచి, 'పెద్ద కంపోజిటరు ఉండగానే ఆయనకు తెలిసిందంతా ఒకచోట రాసిపెట్టు' అన్నాడు. రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొనుక్కుని ఆయన పక్కన స్టూలు వేసుకు కూర్చున్నాను. వ్రాతప్రతిని వేళ్ళ మధ్య ఒకసారి ఆడించి, 'పదకొండు పేజీలు వస్తుంది, పైన ఒక పేరా మిగులుతుంది' అనేవాడు. సరిగ్గా అంతే వచ్చేది. ఎలా తెలిసింది బాబాయ్ అంటే, 'తెలుస్తుందిరా' అనేవాడు. ఏ రచయితకు ఏ వొత్తులు ఎక్కువ పడతాయో, టైపు కేసులో ఏ గడి ముందుగా ఖాళీ అవుతుందో, అప్పుడు ఏ మాటను కింది పంక్తిలోకి నెట్టి గండం గడుపుకోవాలో ఆయన వేళ్ళకు తెలుసు. ఆరు వారాల్లో నలభై మూడు పేజీలు నింపాను. కంప్యూటరు వచ్చిన మూడో నెలలో ఆయన్ని ఇక రావద్దన్నారు.

ఆ రోజుల్లో నేను చేసిన పనికి ఒక పేరుందనీ, ఆ పేరుమీద ముందుముందు పత్రికలూ ఆచార్య పదవులూ పుట్టుకొస్తాయనీ నాకు తెలియదు. జ్ఞాన నిర్వహణ అంటారు దాన్ని. పనిచేసేవాళ్ళ తలల్లోనూ చేతుల్లోనూ ఉన్నదాన్ని సంస్థ ఆస్తిగా మార్చే విద్య అది. దానికి తోడబుట్టినదే సమాచార వ్యవస్థల పరిశోధనలో రూపకల్పన శాస్త్రం అని చెలామణి అవుతున్నది. ఇవి రెండూ కంప్యూటరుతో పుట్టిన కొత్త శాస్త్రాలని ఆ రంగంలో ఉన్న మిత్రులు గట్టిగా నమ్ముతారు. అది నిజం కాదని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

కంప్యూటరు ఊసు లేని రోజుల్లోనే ఫ్రెడరిక్ టేలర్ ఈ పని మొదలుపెట్టాడు. ఆయన ఊరికే కుర్చీలో కూర్చుని రాసిన మనిషి కాదు. ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో 1878లో కూలీగా చేరి, మేస్త్రీ అయి, తనతో పనిచేసినవాళ్ళతోనే ఏళ్ళ తరబడి పోరాడినవాడు. అందుకే ఆయనకు ఒక నిజం బాగా తెలుసు: పని ఆనుపానుల విషయంలో కార్మికులందరికీ కలిపి ఉన్న జ్ఞానం ముందు యాజమాన్యం జ్ఞానం ఏపాటిదీ కాదు. 1911లో అచ్చయిన 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైంటిఫిక్ మేనేజ్‌మెంట్' గ్రంథంలో ఈ మాట దాచుకోకుండా ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, దానికి విరుగుడూ చెప్పాడు. తరతరాలుగా పనివాళ్ళ దగ్గరున్న ఈ తెలివినంతా యాజమాన్యం పోగుచెయ్యాలి, వర్గీకరించాలి, సూత్రాలుగానూ పట్టికలుగానూ మార్చాలి, ఆ తర్వాత ప్రతి పనివాడికీ రోజూ చేయవలసినది కాగితం మీద రాసి ఇవ్వాలి. జ్ఞాన నిర్వహణ పాఠ్యగ్రంథాల్లో మొదటి అధ్యాయానికి ఇంతకంటె స్పష్టమైన సారాంశం నేను చూడలేదు.

బెత్లెహామ్ ఉక్కు కంపెనీలో ఇనుప దిమ్మెలు మోసిన కూలీ కథ ఆ పుస్తకంలో ప్రసిద్ధం. రోజుకు పన్నెండున్నర టన్నులు మోసేవాడు నలభై ఏడున్నర టన్నులు మోశాడట. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగిందట. ఈ కథలో టేలర్ కల్పించి చేర్చినది చాలా ఉందని తర్వాతి పరిశోధకులు తేల్చారు. అయినా ఆయన చెప్పిన లెక్కే తీసుకుందాం. మోత దాదాపు నాలుగింతలైంది, కూలి అరవై శాతం పెరిగింది. ఈ రెండు అంకెల మధ్య దూరమే ఆ శాస్త్రం.

హ్యారీ బ్రేవర్మన్ రాగిపని చేసి వచ్చినవాడు. 1974లో వెలువడిన 'లేబర్ అండ్ మోనోపలీ కాపిటల్' గ్రంథంలో టేలర్ చేసిన పనిని ఆయన పొరపొరగా విప్పి చూపించాడు. ఆలోచించడం ఒకచోట, చేయడం మరోచోట. ఈ విభజనే ఆధునిక పరిశ్రమకు మూలకందమని ఆయన వాదం. ఆ గ్రంథం మీద నాకు గౌరవం ఉంది. కాని అందులో కార్మికుడు ఎప్పుడూ పోగొట్టుకునేవాడే. ఎదురు తిరిగేవాడుగా, దాచుకునేవాడుగా, కొత్త కిటుకు కనిపెట్టేవాడుగా అతడు కనిపించడు. మా అచ్చాఫీసులోనే చూశాను. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాళ్ళిద్దరూ నా నోటుపుస్తకం పదో పేజీ దాటలేదు. ఆనాటి తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో దూరి కూర్చున్నవి. ఒక ఫాంటులో కొట్టినది ఇంకో ఫాంటులో చదవబోతే అంతా గజిబిజి. ఏ వొత్తు ఏ మీట కింద ఉందో ఆ కుర్రాళ్ళే తంటాలు పడి తెలుసుకుని గోడకు ఒక కాగితం అంటించుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ కాగితం అవసరమూ లేకపోయింది. కొత్త కిటుకు వాళ్ళ వేళ్ళలోకి వెళ్ళిపోయింది. యజమాని మళ్ళీ మొదటికొచ్చాడు.

చెప్పగలిగినదాని కంటె మనిషికి తెలిసినది ఎక్కువ అన్న సంగతిని మైకేల్ పొలానీ 1966లో 'ది టాసిట్ డైమెన్షన్'లో తాత్త్వికంగా చర్చించాడు. మా పెద్ద కంపోజిటరు 'తెలుస్తుందిరా' అన్న ఒక్క మాటలో తేల్చేశాడు. ఈ నోటికి రాని జ్ఞానాన్ని వ్యాపార ప్రపంచానికి పరిచయం చేసిన ఘనత జపాను ఆచార్యుడు ఇకుజిరో నొనాకాది. నేను నోటుపుస్తకం నింపుతున్న ఆ 1991లోనే ఆయన వ్యాసం హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చింది. అందులో అందరూ ఉదహరించే ఘట్టం రొట్టె యంత్రానిది. 1985లో ఒసాకాలో మత్సుషిటా కంపెనీవారు ఇంట్లో రొట్టె చేసుకునే యంత్రం తయారు చేయబోతే పిండి సరిగా కలవలేదు. పైన మాడుతోంది, లోపల పచ్చిగా ఉంటోంది. పిండి ముద్దలకు ఎక్స్‌రేలు తీసి పోల్చినా గుట్టు తెలియలేదు. అప్పుడు ఇకుకో తనాకా అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్లో రొట్టెల పెద్ద వంటవాడి దగ్గర శిష్యరికం చేసింది. ఆయన పిండిని సాగదీస్తూ మెలితిప్పడం గమనించింది. ఇంజనీర్లతో కలిసి ఏడాదిపాటు తంటాలు పడి, యంత్రం లోపల ప్రత్యేకమైన గట్లు అమర్చి సాధించింది.

చక్కటి కథే. ఒక ఇంజనీరు పనివాడి ముందు శిష్యురాలిగా కూర్చోవడం టేలర్ కలలో కూడా ఊహించని సంగతి. కాని వ్యాసం చదువుతుంటే నాకొకటి తట్టింది. ఇంజనీరు పేరుంది, కంపెనీ పేరుంది, హోటల్ పేరుంది. రొట్టెలు చేసే ఆయన మాత్రం 'పెద్ద వంటవాడు'గానే మిగిలాడు. ఆ రాత్రి పాత ట్రంకు పెట్టె తెరిచి నా నోటుపుస్తకం తీశాను. అట్టమీద నా పేరుంది, అచ్చాఫీసు పేరుంది. నొనాకాను తప్పుపట్టే హక్కు నాకు లేదనిపించింది.

ఇక రూపకల్పన శాస్త్రం సంగతి. హెర్బర్ట్ సైమన్ 1969లో 'ది సైన్సెస్ ఆఫ్ ది ఆర్టిఫిషియల్' ప్రచురించాడు. 1978లో అర్థశాస్త్రానికి నోబెల్ బహుమతి పొందిన మేధావి. ప్రకృతి శాస్త్రం ఉన్నదాన్ని వివరిస్తుంది, రూపకల్పన ఉండవలసినదాన్ని నిర్మిస్తుంది అన్నది ఆయన ప్రతిపాదన. ఉన్న స్థితిని కోరుకున్న స్థితిగా మార్చే ఉపాయం పన్నే ప్రతివాడూ రూపకర్తేనంటాడు. మంచి మాట. అయితే కోరుకున్నది ఎవరు? కంపోజిటరు లేని అచ్చాఫీసు యజమాని కోరుకున్న స్థితి. నెలాఖరున జీతం రావడం కంపోజిటరు కోరుకున్న స్థితి. సైమన్ గ్రంథంలో కోరికలకు వర్గం లేదు.

ఆ గ్రంథం నాటిన విత్తు సమాచార వ్యవస్థల రంగంలో మొక్కై మానయింది 2004లో. హెవ్నర్, మార్చ్, పార్క్, రామ్ అనే నలుగురు 'ఎమ్.ఐ.ఎస్. క్వార్టర్లీ'లో రాసిన వ్యాసం ఆ రంగంలో పరిశోధకులకు ధర్మశాస్త్రంలా తయారైంది. అందులో ఏడు మార్గదర్శక సూత్రాలున్నాయి. కేవలం సిద్ధాంతాలు వల్లించకండి, పనికొచ్చే వస్తువు తయారు చేయండి, అది పనికొస్తున్నదో లేదో నిక్కచ్చిగా పరీక్షించండి అని వాళ్ళు గట్టిగా చెప్పడం నాకు నచ్చింది. మాటల పోగులు పేర్చడమే పరిశోధనగా సాగుతున్న విద్యాలయాలకు అది అవసరమైన చురక. కాని సమస్య ఎక్కడ పుడుతుందో చూడండి: వ్యాపార అవసరంలో. ఫలితం ఎవరికి చెప్పాలో చూడండి: ఏడో సూత్రం ప్రకారం సాంకేతికులకూ, మేనేజర్లకూ. ఆ వస్తువుతో రోజంతా పనిచేయవలసిన మనిషికి చెప్పమని ఏ సూత్రంలోనూ లేదు. ఆ నలుగురికీ కార్మికుల మీద పగ ఉందని కాదు. వాళ్ళకు ఆ మనిషి కనబడలేదు, అంతే. పగకంటె ఈ చూపులేమి ఎక్కువ బాధిస్తుంది.

ఇంకో దారి లేదా అంటే, ఉంది. అది 2004కు ముప్పై ఏళ్ళ ముందే నడిచిన దారి. నార్వే దేశస్థుడు క్రిస్టెన్ నిగార్డ్, సహచరుడు ఓలె-యోహాన్ డాల్‌తో కలిసి 1960లలో ఓస్లోలో సిములా అనే ప్రోగ్రామింగు భాషను రూపొందించాడు. ఈనాటి ప్రోగ్రామింగు భాషల్లో సగానికి సగం దాని బిడ్డలే. 2001 ట్యూరింగ్ పురస్కారం ఇద్దరికీ కలిపి ఇచ్చారు. తన భాషతో కర్మాగారాల పనిని నమూనా కట్టి, పనివాళ్ళను ఎలా అమర్చాలో యాజమాన్యాలు నిర్ణయిస్తున్నాయని గమనించిన నిగార్డ్ తనంత తాను కార్మిక సంఘం గడప తొక్కాడు. 1971లో నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘంతో ఆయన పరిశోధన మొదలైంది. ముందు అందరిలాగే నివేదికలు రాద్దామనుకున్నారు. కొంతదూరం పోయాక తెలిసింది, ఆ నివేదికలు సంఘం ఆఫీసు బీరువాలో పడివుంటాయే గాని షాపు ఫ్లోరు మీదికి చేరవని. అప్పుడు పద్ధతి తిరగేశారు. పరిశోధన ఫలితం అంటే నివేదిక కాదు. తమ పని మీద తమకు పట్టు పెరిగేలా కార్మికులు చేపట్టే చర్యే ఫలితం అన్నారు. కార్మికులే కంప్యూటరు వ్యవస్థల గురించి చదువుకున్నారు, తమ కర్మాగారంలో వాటిని తామే విచారించారు. 1975లో నార్వేలో కార్మిక సమాఖ్యకూ యాజమాన్యాల సమాఖ్యకూ మధ్య ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం కొత్త కంప్యూటరు వ్యవస్థల గురించి కార్మికులకు అర్థమయ్యే భాషలో ముందుగా చెప్పాలి. ఆ విషయాలు చూడడానికి వాళ్ళు తమ ప్రతినిధిని ఎన్నుకోవచ్చు. అర్థమయ్యే భాషలో అన్న షరతు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మనకు ఇప్పటికీ అది దుర్లభం.

ఆ దారిలోనే 1981లో ఉటోపియా అనే ప్రయత్నం మొదలై 1985దాకా సాగింది. నార్డిక్ దేశాల అచ్చు కార్మికుల సంఘమూ, స్వీడన్, డెన్మార్క్ పరిశోధకులూ కలిసి చేసిన పని. యాజమాన్యం తెచ్చిన యంత్రాన్ని వద్దనడమో, సరేననడమో కాకుండా, మాకు కావలసిన యంత్రాన్ని మేమే రూపకల్పన చేసుకుంటాం అన్నారు. చేయి తిరిగిన పేజీ కూర్పరులను పిలిచి, వ్యవస్థ వర్ణనలు, గీతల పటాలు ముందు పెడితే వాళ్ళు నోరు మెదపలేదు. ఆ భాష వాళ్ళది కాదు. అప్పుడు పరిశోధకులు అట్టపెట్టెలు తెచ్చారు. ఒక అట్టపెట్టె కంప్యూటరు తెర, కాగితాల మీద గీసిన బొమ్మలు తెరమీద కనబడేవి, ఇంకో ఖాళీ అట్టపెట్టె బల్లమీద పెట్టుకునే లేజరు ప్రింటరు. అప్పటికి అలాంటి ప్రింటరు అచ్చాఫీసుల్లోకి రానేలేదు. ఆ అట్టబొమ్మల ముందు నిలబడగానే కూర్పరుల చేతులు కదిలాయి. ఇక్కడ ఇలా కాదు, శీర్షిక కత్తిరించేటప్పుడు పేజీ మొత్తం కనబడాలి అని చేసి చూపించారు. పెల్లె ఎన్ 1988లో రాసిన గ్రంథంలో ఈ అనుభవమంతా ఉంది.

ఇది చదివినప్పుడు నాకు నా స్టూలు గుర్తొచ్చింది. ఆరు వారాలు పెద్ద కంపోజిటరును 'చెప్పు బాబాయ్, చెప్పు' అని వేధించాను. ఒక అట్టముక్క ఆయన చేతికిచ్చి, రాబోయే కంప్యూటరు నీకెలా ఉండాలి అని ఒక్కసారి అడగలేదు.

ఉటోపియా గెలిచిందని చెప్పను. దాని సహకారంతో తయారైన టిప్స్ అనే వ్యవస్థను స్టాక్‌హోంలో ఆఫ్టన్‌బ్లాడెట్ దినపత్రికలో పరీక్షించారు గాని, అది బజారులో నిలవలేదు. అచ్చు కార్మికులకూ జర్నలిస్టులకూ మధ్య పని హద్దుల తగాదా ఉండనే ఉంది. పైగా అదే 1985లో అమెరికాలో ఆపిల్ లేజరు ప్రింటరు, పేజ్‌మేకర్ వచ్చేశాయి. విజయవాడలో మా కంపోజిటరు చోటికి వచ్చినది ఆ పేజ్‌మేకరే.

అయినా ఆ ఆలోచన పూర్తిగా ఆవిరి కాలేదు. జెరాక్స్ కంపెనీలో యంత్రాలు బాగుచేసే మెకానిక్కుల మధ్య తిరిగి జూలియన్ ఓర్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1996లో ఒక పుస్తకం తెచ్చాడు. కంపెనీ ఇచ్చిన గైడు పుస్తకం వల్ల యంత్రాలు బాగుపడడం లేదు, మెకానిక్కులు టీ తాగుతూ చెప్పుకునే కథల వల్ల బాగుపడుతున్నాయని చూపించాడు. అదే కంపెనీలో 1990లలో వచ్చిన యురేకా అనే వ్యవస్థలో, మెకానిక్కు రాసిన కిటుకును తోటి మెకానిక్కులే పరీక్షించి ఆమోదించేవారు, రాసినవాడి పేరు దాని పక్కనే ఉండేది. కిటుకు కంపెనీ లాభానికే పోయింది, నిజమే. కాని పేరు మిగిలింది. ఎంత చిన్న తేడా, ఎంత పెద్ద తేడా!

ఇప్పుడు నోటుపుస్తకాలూ స్టూళ్ళూ అక్కర్లేదు. 2023లో బ్రిన్యోల్ఫ్‌సన్, లీ, రేమండ్ అనే ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం వెలువరించారు. ఖాతాదారుల సందేహాలు తీర్చే 5,179 మంది ఉద్యోగుల పనిని పరిశీలించారు. వాళ్ళలో కొందరికి కృత్రిమ మేధ సలహాలిచ్చింది. గంటకు తీర్చిన సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తగా చేరినవాళ్ళకు 34 శాతం పెరిగాయి. ఆరితేరినవాళ్ళకు దాదాపు ఏమీ పెరగలేదు. ఎందుకంటే ఆ యంత్రం నేర్చుకున్నది వాళ్ళు నడిపిన సంభాషణల నుంచే. నోటికి రాని జ్ఞానం ఈసారి ఎవరూ అడగకుండానే, ఎవరూ చెప్పకుండానే చేతులు మారింది. అలా నేర్పినందుకు ఆ ఉద్యోగులకు ఏమైనా ముట్టాలా, ముడితే ఎలా అన్న ప్రశ్నను ఆ రచయితలు తమ వ్యాసంలోనే లేవనెత్తి, జవాబు చెప్పకుండా వదిలేశారు.