ప్రవేశ ప్రమాణం - సామర్థ్యం - నిజాయితీ: అశోక్‌నగర్ పోటీపరీక్షల చారిత్రక నేపథ్యం (1919-2024)

ఉపోద్ఘాతం

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ నేడు ప్రభుత్వోద్యోగ అభ్యర్థుల ఆవాసాలు. నగర కేంద్ర గ్రంథాలయం, శిక్షణా సంస్థలు, హాస్టళ్లు, స్టడీ హాళ్లు, జిరాక్సు దుకాణాలు కలసి అక్కడ ఒక ప్రత్యేక జీవనవిధానాన్ని ఏర్పరచాయి. ఆ జీవనమంతా ఒక నమ్మకం మీద నిలిచి ఉంది: పరీక్ష సామర్థ్యాన్నే కొలుస్తుంది, ఆ కొలత అందరికీ ఒక్కటే. ఈ నమ్మకం ఎలా ఏర్పడింది, ఎక్కడ దెబ్బతిన్నది అన్నది ఉద్యోగ నియామకాల చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న. నిజాయితీని నిరూపించుకోవలసిన బాధ్యత అభ్యర్థి నుండి నియామక సంస్థ వైపు క్రమంగా జరిగిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ముల్కీ నిబంధనలు: ప్రమాణపత్రం మీద ఆధారపడిన అర్హత

నిజాం ప్రభుత్వం 1919లో జారీ చేసిన ఫర్మానా రాష్ట్ర ఉద్యోగాలకు ముల్కీగా ఉండటాన్ని అర్హతగా నిర్ణయించింది. జన్మతః ముల్కీ కాని వ్యక్తి రాష్ట్రంలో 15 సంవత్సరాలు నివసించి, స్వస్థలానికి తిరిగి వెళ్లే ఆలోచన విడిచిపెట్టినట్లు ప్రమాణపత్రం ఇవ్వాలి. నివాసాన్ని లెక్కకట్టవచ్చును గాని ఆలోచనను కొలిచే సాధనం లేదు. అందువల్ల ఈ నిబంధన చివరకు దరఖాస్తుదారు మాట మీదా, ధ్రువపత్రం ఇచ్చే అధికారి నిజాయితీ మీదా ఆధారపడింది.

బలహీనత కూడా అక్కడే బయటపడింది. బూటకపు ముల్కీ ధ్రువపత్రాలతో స్థానికేతరులు ఉద్యోగాలు పొందుతున్నారన్న ఆరోపణ 1952 ఆందోళనకు ప్రధాన కారణాలలో ఒకటి. వరంగల్లులో మొదలైన ఆ ఉద్యమం హైదరాబాదుకు వ్యాపించింది. సెప్టెంబరు మొదటి వారంలో సిటీ కాలేజీ ప్రాంతంలో పోలీసు కాల్పులు జరిగాయి. వాటిపై విచారణను జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి నిర్వహించారు. విద్యార్థుల ఆగ్రహం నిబంధనపై కాదు, నిబంధనను కాగితంతో దాటడంపై.

న్యాయస్థానాలు, రాష్ట్రపతి ఉత్తర్వులు

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత పార్లమెంటు 1957లో ప్రభుత్వోద్యోగాలకు నివాస అర్హత చట్టాన్ని చేసింది. ఏ.వి.ఎస్. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు 1969 మార్చిలో అందులోని తెలంగాణ నిబంధనను కొట్టివేసింది. రాష్ట్రంలో ఒక భాగానికి మాత్రమే నివాస అర్హత విధించడం చెల్లదన్నది దాని సారాంశం. 1972 అక్టోబరులో అదే న్యాయస్థానం ముల్కీ నిబంధనల చెల్లుబాటును సమర్థించింది. ఈ రెండు తీర్పుల మధ్య రెండు ప్రాంతాల్లోనూ ఏర్పడిన అలజడి ఆరు సూత్రాల పథకానికీ, 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371-డి అధికరణానికీ దారితీసింది.

1975 రాష్ట్రపతి ఉత్తర్వులు స్థానికతను ముఖ్యంగా చదువుతో ముడిపెట్టాయి. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యాసంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండటం ప్రధాన ప్రమాణమయింది. మనసులోని ఉద్దేశానికి బదులు పాఠశాల రిజిస్టరు సాక్ష్యంగా నిలిచింది. అయినా ఉల్లంఘనలు ఆగలేదు. వాటిని సరిదిద్దడానికి 1985 డిసెంబరు 30న జి.ఓ. 610 జారీ చేయవలసి వచ్చింది. ఇక్కడ ఫిర్యాదు అభ్యర్థి అబద్ధం గురించి కాదు, నియమించిన శాఖల ప్రవర్తన గురించి. నిజాయితీ ప్రశ్న సంస్థ వైపు మళ్లడం ఇక్కడి నుండే స్పష్టమవుతుంది.

సామర్థ్యాన్ని కొలిచేవారి సామర్థ్యం

రాజ్యాంగంలోని 320వ అధికరణం నియామక పరీక్షల నిర్వహణను పబ్లిక్ సర్వీస్ కమిషన్ల విధిగా పేర్కొన్నది. అయితే కొలిచేవారికీ సామర్థ్యం అవసరమని 2011 గ్రూప్-1 ప్రకటన నిరూపించింది. ప్రిలిమినరీ పరీక్ష 'కీ'లోని తప్పులపై వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఫలితంగా ప్రధాన పరీక్షలను 2016 సెప్టెంబరులో మళ్లీ నిర్వహించారు. ఒక్క ప్రకటన ఐదేళ్లు సాగింది. ఇందులో ఎవరి మోసమూ లేదు. లోపం ప్రశ్నపత్రం తయారీలో ఉంది, మూల్యం అభ్యర్థుల యౌవనం.

ఒక పోలిక: స్కూబా డైవింగ్

ప్రవేశ ప్రమాణాన్ని మరో విధంగా నిర్మించిన రంగాన్ని పోల్చి చూడటం ఉపయోగకరం. 1966లో స్థాపితమైన పాడీ సంస్థ తొలి స్థాయి స్కూబా ధ్రువపత్రానికి 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు నీటిపై తేలడం వంటి పరీక్షలు పెడుతుంది. ఆరోగ్య ప్రశ్నావళికి అభ్యర్థి స్వయంగా జవాబులు రాయాలి. ఉత్తీర్ణుడైన వయోజనునికి అనుమతించే లోతు 18 మీటర్లు. గడప తక్కువ, ఆపై లోతులకు అదనపు శిక్షణ కావాలి. ఆరోగ్యం గురించి అబద్ధం చెప్పినవాడి ప్రాణానికే మొదటి ముప్పు. ప్రభుత్వోద్యోగంలో ఇది తలకిందులుగా ఉంటుంది. గడప చాలా ఎత్తు, దాటిన తర్వాత మళ్లీ కొలత అరుదు. ప్రవేశంలో మోసం జరిగితే నష్టపోయేది లోపలికి వెళ్లినవాడు కాదు, బయట మిగిలిన అభ్యర్థి, ఆ అధికారి పాలనలోని పౌరుడు. అందువల్ల ఇక్కడ స్వీయ నిజాయితీ చాలదు, సంస్థాగత రక్షణ తప్పనిసరి.

2022-2024: గడప కదిలిన కాలం

2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. దాదాపు 3.8 లక్షల మంది దరఖాస్తు చేశారు. 2022 అక్టోబరు 16న ప్రిలిమినరీ పరీక్ష జరిగింది. 2023 మార్చిలో ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి, కమిషన్ ఉద్యోగులు సైతం అరెస్టయ్యాక ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ జరిపిన పరీక్షను హైకోర్టు సెప్టెంబరులో రద్దు చేసింది. బయోమెట్రిక్ హాజరు తీసుకోకపోవడం ప్రధాన కారణాలలో ఒకటి. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటన రద్దయి, 563 పోస్టులకు కొత్త ప్రకటన వచ్చింది. మెయిన్స్‌కు ఎంపిక పద్ధతిని మార్చిన జి.ఓ. 29పై 2024 అక్టోబరులో అశోక్‌నగర్ వీధుల్లో అభ్యర్థులు ఆందోళనకు దిగారు. సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించగా, అక్టోబరు 21న మెయిన్స్ మొదలయ్యాయి.

ఈ మూడు వివాదాలు ఒకే రకమైనవి కావు. లీకేజీ నిజాయితీకి, బయోమెట్రిక్ లోపం నిర్వహణ సామర్థ్యానికి, జి.ఓ. 29 ప్రవేశ ప్రమాణానికి సంబంధించినవి. కాని చదువుతున్న అభ్యర్థికి మూడూ ఒకే రూపంలో, మరో ఏడాది గది అద్దెగా ఎదురయ్యాయి.

ముగింపు

1952లో విద్యార్థులు అడిగినది ధ్రువపత్రం నిజమా అని. 2023లో అభ్యర్థులు అడిగినది పరీక్ష నిజమా అని. చట్టం కూడా ఈ మార్పును గుర్తించింది. 2024 జూన్‌లో అమలులోకి వచ్చిన కేంద్ర చట్టం అభ్యర్థిని కాక, ప్రశ్నపత్రాన్ని బయటపెట్టేవారినీ, పరీక్ష నిర్వహణలో భాగమైన సంస్థలనూ లక్ష్యంగా చేసుకుంది. కేంద్ర పరీక్షలకు వర్తించే ఆ చట్టం రాష్ట్రాలకు నమూనా కాగలదు. అయితే శిక్ష నేరం తర్వాత వచ్చేది. ప్రశ్నపత్రం ఎవరి చేతుల్లో ఉన్నదో నమోదు చేయడం, 'కీ'ని ముందే నిపుణులతో సరిచూడటం, ఎంపిక నియమాలను ప్రకటన తర్వాత మార్చకపోవడం నేరానికి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు. ప్రవేశ ప్రమాణం ఎంత కఠినమైనదన్న చర్చకు, ఆ ప్రమాణాన్ని కాపాడేవారు దానికి తగినవారేనా అన్న ప్రశ్న ముందుండాలని ఈ శతాబ్ది చరిత్ర సూచిస్తున్నది.