లెక్కలో లేని పద్దు: పోచంపాడు నుంచి సముద్రం దాకా

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, నేను కోటిలింగాల గురించో ఎలగందుల ఖిల్లా గురించో రాస్తానని అనుకొని ఉంటారు. వాటి గురించి రాయగలవారు మన సంఘంలోనే నలుగురైదుగురు ఉన్నారు. నేను 1968లో నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేరి ముప్పై అయిదేళ్లు లెక్కల సెక్షన్‌లోనే గడిపినవాణ్ణి. నాకు తెలిసిందల్లా ఫైళ్ల చరిత్ర. కనుక ఈసారికి ఒక మాట చరిత్ర రాస్తాను. ఆ మాట మీరంతా వెయ్యిసార్లు విన్నదే: “గోదావరి నీళ్లు వృథాగా సముద్రంలో కలిసిపోతున్నాయి.”

కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లకు సముద్రంతో ఏం పని అని కొందరు అడగవచ్చు. మనలో చాలామంది సముద్రాన్ని మొదటిసారి చూసింది ఎల్.టి.సి. మీద విశాఖపట్నం పోయినప్పుడే. కాని బాసర నుంచి కాళేశ్వరం దాకా గోదావరి ఒక ఒడ్డు పాత ఆదిలాబాద్‌ది. రెండో ఒడ్డు, నిజామాబాద్ వైపు కొంత పోను, పాత కరీంనగర్‌ది. ధర్మపురి, మంథని, లక్సెట్టిపేట, చెన్నూరు దాటి పోయిన నీరే చివరికి ధవళేశ్వరం కింద పాయలుగా చీలి బంగాళాఖాతంలో పడుతుంది. ఇక్కడ మనం నదిని ఎట్లా వాడుకున్నామో అక్కడి ఒడ్డుకు తెలుస్తుంది.

నీరు సముద్రంలో పడితే నష్టం అనే ఆలోచనకు మూలం డబ్బు లెక్క. కంపెనీ ప్రభుత్వం 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852లో పూర్తి చేసింది. అంతకు ముందు కరువులతో ఆ ప్రాంతం అల్లాడిన మాట నిజమే, కాటన్ దొరకు జనం మీద దయ ఉన్న మాటా నిజమే. కాని ఆనకట్టకు మంజూరు వచ్చింది శిస్తు పెరుగుతుందన్న లెక్క మీద. తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం నీటి పనులను రెండు ఖాతాలుగా విడదీసింది. పెట్టిన డబ్బుకు వడ్డీ గిట్టే పనులు ఒక ఖాతా, కరువు రక్షణకు కట్టే పనులు ఇంకో ఖాతా. ఈ రెండింటిలోనూ సముద్రానికి జాగా లేదు.

ఆ లెక్కలో ఏం తప్పిపోయిందో చెప్పినవాడు ఇంజనీరు కాదు, సైన్యంలో వైద్యుడుగా ఉండి చేపల శాస్త్రంలో పడిపోయిన ఫ్రాన్సిస్ డే. 1873లో వెలువడిన నివేదికలో ఆయన, సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురెక్కే పులస జాతి చేపకు ఆనకట్టలు అడ్డం పడుతున్నాయని రాశాడు. ఇవాళ పులస అంటే ధవళేశ్వరం దిగువన వానాకాలంలో దొరికే ఖరీదైన చేప. దొరికేది తక్కువై ధర పెరిగింది. ధర పెరిగేసరికి దొరికినదాన్ని వదిలేవాడు లేడు.

ఇక మన సంగతి. 1963 జూలై 26న నెహ్రూగారు పోచంపాడుకు శంకుస్థాపన చేశారు. దాని కాకతీయ కాలువ మన జిల్లాను చీల్చుకుంటూ 146వ కిలోమీటరు దగ్గర దిగువ మానేరులో పడుతుంది; సరస్వతి కాలువ నిర్మల్ వైపు పోయి కడెం చేరుతుంది. ఆ కాలువలు రాకముందు మన మెట్ట ఊళ్లల్లో ఎట్లా బతికామో చదువుతున్న మీకే తెలుసు. మక్క గట్కతో పెరిగిన చేతులే ఇది రాస్తున్నాయి. కాబట్టి నేను ప్రాజెక్టులకు వ్యతిరేకిని అని ఎవరూ అనుకోవద్దు. నా తకరారు లెక్క మీదనే.

1964లో గాడ్గిల్ కమిటీ చెప్పిన తర్వాత ప్రాజెక్టు మంజూరుకు ప్రయోజనానికి, వ్యయానికి మధ్య నిష్పత్తి చూడడం వచ్చింది. రూపాయి ఖర్చుకు రూపాయిన్నర ప్రయోజనం కనిపించాలి. ప్రయోజనం కింద పెరిగే పంట విలువ వేసేవారు. వ్యయం కింద కట్టడం, భూసేకరణ, వడ్డీ, నిర్వహణ వేసేవారు. నా చేతుల మీదుగా పోయిన పట్టికల్లో ముంపు ఊళ్లకైనా ఒక వరుస ఉండేది, ఎంత తక్కువ వేసినా. దిగువన నది చేసే పనికి మాత్రం వరుసే లేదు. నది ఒడ్డున చేపలు పట్టే గంగపుత్రుల నష్టం ఏ పద్దులో వేయాలని ఒకసారి ఓ పెద్దమనిషిని అడిగితే, “ఫారంలో ఉన్నవే వేయవయ్యా” అన్నాడు. ఫారంలో ఉన్నవే వేశాను.

నది చేసే పని అంటే నీరు మోయడం ఒక్కటే కాదు. ఒండ్రు మోయడం. మన రేగళ్ల నుంచి, నాసిక్ దాకా ఉన్న నల్లరేగళ్ల నుంచి కొట్టుకొచ్చిన మట్టి వేల ఏళ్లు పేరుకొనే కోనసీమ ఏర్పడింది. సముద్రపు అలలు ఏటా ఒడ్డును కొంత కోస్తాయి. నది ఏటా కొంత పూడుస్తుంది. అటూ ఇటూ సరిపోయినన్నాళ్లు ఒడ్డు నిలుస్తుంది.

ఒండ్రు విలువ మన పల్లెలకు తెలియనిది కాదు. నా చిన్నప్పుడు ఎండాకాలం చెరువు ఎండితే, బండ్లు కట్టుకొని పూడిక మట్టి తోలుకొని పొలాలకు వేసేవాళ్లు. చెరువుకు పూడిక పోయేది, పొలానికి బలం వచ్చేది, ఎవరూ ఎవరికీ డబ్బు ఇచ్చే పని లేదు. యూరియా బస్తా వచ్చాక ఆ బండ్లు తగ్గాయి. మన రామగుండంలోనే 1980లో ఎరువుల కర్మాగారం నడక మొదలుపెట్టింది. (అది 1999లో మూతపడి 2021లో కొత్త సంస్థగా తెరుచుకుంది, అది వేరే కథ.) బస్తా మోయడం సులువు, మట్టి తోలడం కష్టం. దాంతో చెరువులు పూడాయి. 2015లో మిషన్ కాకతీయ పేరుతో సర్కారు డబ్బు పెట్టి అదే మట్టిని తీయించవలసి వచ్చింది.

చెరువుకు జరిగిందే పోచంపాడుకూ జరిగింది. మొదట దాని నిల్వ 112 టీఎంసీలు. 1994 సర్వేలో 90కి తగ్గింది. తర్వాతి సర్వేలో 80 చిల్లర. అంటే పోయింది 30 టీఎంసీల పైమాటే. మన దిగువ మానేరు నిండితేనే 24 టీఎంసీలు. ఒక మానేరు డ్యామును మించిన జాగాను మట్టి ఆక్రమించిందన్నమాట. నిజాంసాగర్ కూడా అంతే; 1931లో పూర్తయిననాడు దాదాపు 30 టీఎంసీలు, ఇప్పుడు 18కి లోపు. సముద్రానికి పోకుండా మనం ఆపుకున్నది నీరు ఒక్కటే కాదు, ఆ మట్టి కూడా. అక్కడ అక్కరకొచ్చేది ఇక్కడ మనకే అడ్డమైంది.

దీని ఫలితం రెండో కొసన ఎట్లా ఉందో ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రకటించారు. 1970 దశకంలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు దిగువకు తెచ్చేదట. 1990 దశకానికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. ఆ పాతికేళ్లలో డెల్టా అంచున సుమారు 1,800 హెక్టార్ల నేల సముద్రంలో కలిసింది. ఇందులో పోచంపాడు పాపం ఎంత అని విడదీయడం నా వల్ల కాదు. పైన జాయక్‌వాడి ఉంది, ఉపనదుల మీద ఎన్నో కట్టలున్నాయి; ప్రాణహిత, ఇంద్రావతి పోచంపాడు దాటిన తర్వాతే కలుస్తాయి. మన వాగుల్లో, మానేరులో లారీలకెత్తే ఇసుక ఒకటి. అది సముద్రానికి పోదు, హైదరాబాద్ పోతుంది. ఇసుకకు టన్నుకింత అని రేటు ఉంది గనుక దానికి లెక్క ఉంది. బురదకు రేటు లేదు.

మన ఇళ్లల్లో ఆడవాళ్లందరికీ ఉప్పాడ చీర తెలుసు. కాకినాడ దగ్గరి ఆ ఊరిని సముద్రం ఏళ్లుగా కోసుకుపోతున్నది. ఇళ్లు, గుళ్లు, రోడ్డు పోయాయి. అక్కడి కోతకు గాలులు, కాకినాడ ముందు పెరుగుతున్న ఇసుక దిబ్బ లాంటి కారణాలు కూడా చెబుతారు. ఒండ్రు తగ్గడం వాటికి తోడు. అడ్డం వేసిన గోడలకు, రాళ్లకు అయ్యే ఖర్చు ఏ జలాశయం ఎస్టిమేటులోనూ ఎక్కలేదు.

ఇది మన దగ్గరే జరిగిన వింత కాదు. ఈజిప్టులో అస్వాన్ పెద్ద డ్యాము 1960 దశకం మధ్యలో నైలు వరదను ఆపడం మొదలుపెట్టింది. వరదతోపాటు సముద్రంలోకి పోయే సారాన్ని నమ్ముకొని బతికే సార్డీన్ చేపలు ఆ తీరాన 1962లో సుమారు 18 వేల టన్నులు పట్టారు. ఆ దశకం చివరికి ఏడాదికి వెయ్యి టన్నులు కూడా లేవు. కరెంటు, పత్తి కాతాలో లాభం కనిపించింది. చేపల వాళ్ల నష్టం వాళ్ల ఇళ్లల్లోనే ఉండిపోయింది.

గోదావరి మొగన కోరంగి మడ అడవులున్నాయి. 1978లో అభయారణ్యం అయ్యాయి. రొయ్య పిల్లలు పెరిగేది ఆ మడుల్లో. అవి బతకాలంటే ఉప్పునీటికి తీపినీరు, ఒండ్రు కలవాలి. 1990 దశకం మొదట్లో జపాన్, అమెరికాల్లో టైగర్ రొయ్యకు ధర రావడంతో నెల్లూరు నుంచి గోదావరి దాకా వరి మళ్లు, ఉప్పు కయ్యలు, మడ అడవులు చెరువులైపోయాయి. తాగే బావులు ఉప్పెక్కాయి. 1994–95లో రోగం వచ్చి రొయ్యలు కుప్పలుగా చచ్చాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువులను తొలగించమని తీర్పు చెప్పింది. కలిగిన నష్టాన్ని కలిగించినవాడే భరించాలన్న సూత్రం అందులో ఉంది. ఫారంలో లేని వరుసను కోర్టు చేత్తో రాసిందన్నమాట. అయినా తీర్పు పూర్తిగా అమలు కాకముందే కొత్త చట్టాల ప్రయత్నాలు మొదలై, 2005లో వచ్చిన చట్టం ఆ చెరువులకు దారి చూపింది. 2009 నుంచి వనామీ రొయ్య దిగింది. 2024–25లో దేశం అమ్మిన సముద్ర ఉత్పత్తుల విలువ 62 వేల కోట్ల రూపాయలు దాటింది, అందులో పెద్ద భాగం రొయ్యదే. 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచితే గోదావరి జిల్లాల్లో రొయ్య ధర పడింది. ఎక్కడో సంతకం పడితే ఇక్కడి చెరువు గట్టు మీద లెక్క మారుతుంది.

2014లో రాష్ట్రం రెండైంది. పోచంపాడు ఒక రాష్ట్రంలో, ఉప్పాడ ఇంకో రాష్ట్రంలో. 2019లో ప్రారంభమైన కాళేశ్వరం ఎత్తిపోతలకు ప్రాణహిత కలిసిన దిగువనే మేడిగడ్డ కట్టారు. 2023 అక్టోబరులో అక్కడ పియర్లు కుంగాయి. బచావత్ ట్రిబ్యునల్ 1980లో ముగించిన పంపకం టీఎంసీల్లో ఉంది, బోర్డు కొలతా టీఎంసీల్లోనే. ఒండ్రును కేంద్ర జల సంఘం పోలవరం దగ్గర కొలుస్తుంది గాని, దాని వాటా ఏ రాష్ట్రమూ అడగలేదు.

సముద్రాన్ని కాపాడే పద్దుకు డబ్బు వేసిన సందర్భం ఒకటి నాకు కనిపించింది. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట ఆపుతారు. వేట మానితే పొయ్యి ఎట్లా వెలుగుతుంది? కొన్నాళ్లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కుటుంబానికి 4 వేలు ఇచ్చింది. 2019లో 10 వేలు చేసింది. 2025లో 20 వేలు. రోజుకు లెక్కేస్తే 328 రూపాయలు. మన పింఛను మీద కరువు భత్యం లెక్క కట్టుకున్నట్టు, వాళ్లూ ఆ రెండు నెలలకు ఇది సరిపోతుందా లేదా అని కట్టుకుంటూనే ఉంటారు.