విడివడిన పురములు: చాదర్‌ఘాట్, సికింద్రాబాదు, కలకడ సీమ

కలకడ చిన్న ఊరు. గుర్రంకొండ దుర్గమునకు చేరువగా, రాయచోటి నుండి పీలేరునకు పోవు దారిలో నున్నది. ఈ యూరికిని, వందల మైళ్ళ దూరమున నున్న సికింద్రాబాదు నగరమునకును సంబంధమేమి యని పాఠకులకు సందేహము కలుగవచ్చును. సంబంధము కలదు. అది 1800 సంవత్సరమున జరిగిన యొక సంధిలో నున్నది. ఆ సంధిని విప్పి చూపుటకు ముందు, ఒక మహానగరమునకు పొరుగున పుట్టిన పేట ఆ నగరముతో పొత్తు లేకయే తానొక పురముగా నిలుచుట యెట్లు సంభవించునో విచారింపవలసి యున్నది.

పొలిమేర గీచినంత మాత్రమున పురము వేరు కాదు. వేరగుటకు రెండు వస్తువులు కావలయును. మొదటిది, తన వీధులను తానే యేలుకొను అధికారము. రెండవది, ఆ యధికారమును పోషించు ఆదాయము. ఈ రెంటిలో ఏది లోపించినను ఆ పురము పేరునకే వేరు. మన చరిత్రకారులు మొదటి దానిని గూర్చి వ్రాసినంతగా రెండవ దానిని గూర్చి వ్రాయుట సాధారణముగా కానరాదు. మేము ఈ వ్యాసమున అడుగదలచిన ప్రశ్న యొక్కటే: విడివడిన పురము ఎవరి సొమ్ముతో నిలిచినది?

ముందుగా చాదర్‌ఘాట్ సంగతి చూతము. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా నిర్మించిన హైదరాబాదు నగరము మూసీనదికి దక్షిణపు గట్టున వెలసినది. ఉత్తరపు గట్టున, 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో బ్రిటిషు రెసిడెంటు కొఱకు గొప్ప భవనము లేచినది. దాని చుట్టును బజారులు పెరిగినవి. 1869లో, మొదటి సాలార్‌జంగు దివానుగా నున్న కాలమున, నగరమునకు పురపాలన ప్రవేశపెట్టబడెను. అప్పుడు కోట లోపలి నగరమును నాలుగు భాగములుగను, నది యవతలి చాదర్‌ఘాట్ శివారును అయిదు భాగములుగను విభజించిరి. రెంటి పాలనయు నగర కొత్వాలు చేతిలోనే యుండెను. ఇక్కడ గమనింపదగిన యంశ మొకటి కలదు. శివారు శివారుగా నుండగనే భాగముల సంఖ్యలో నగరమును మించినది. 1886లో చాదర్‌ఘాట్ ప్రత్యేక పురపాలక సంఘమయ్యెను. నది యొక్కటే, గట్టులు రెండు, సంఘములును రెండయ్యెను.

ఈ యేర్పాటునకు పరీక్ష 1908 సెప్టెంబరులో వచ్చినది. ఆ నెల 28వ తేదీన మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. వరద ఏ గట్టు ఏ సంఘమునకు చెందినదో అడుగలేదు. ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై నదికి ఎగువను జలాశయములు నిర్మింపబడెను. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. 1912లో నగరాభివృద్ధి మండలి వెలసి, రెండు గట్టుల వీధులను, వాసములను చక్కజేయ పూనుకొన్నది. అనగా వరద కట్టడి, నీరు, వీధుల తీర్పు అను పనులు రెండు సంఘముల సరిహద్దును దాటి పోయినవి. సరిహద్దు మిగిలినను దాని యర్థము పలుచబడెను. 1933లో చాదర్‌ఘాట్ సంఘము హైదరాబాదులో కలిసిపోయినది. నలువది యేడు సంవత్సరముల వేర్పాటు అట్లు ముగిసెను.

సికింద్రాబాదు కథ వేరు. చాదర్‌ఘాట్ నగరపు బిడ్డ; సికింద్రాబాదు నగరపు ప్రక్కన దిగిన బిడారము. 1798లో నిజాము అలీఖానునకును ఈస్టిండియా కంపెనీకిని జరిగిన సంధి ననుసరించి కంపెనీ సైన్యము హైదరాబాదున స్థిరముగా నిలిచెను. దాని పోషణకు నిజాము ఏటా 24 లక్షల రూపాయలకు పైగా చెల్లింపవలసి యుండెను. హుసేనుసాగరునకు ఉత్తరముగా, అల్వాలు గ్రామపు చేరువను ఈ సైన్యము విడిసిన చోటునకు 1806లో, అప్పటి నిజాము సికందర్‌జా పేర, సికింద్రాబాదను పేరు వచ్చినది. ప్రజల నోట మాత్రము అది లష్కరుగనే నిలిచినది. 'లష్కరు' అనగా సేన. పేరే దాని పుట్టుకను చెప్పుచున్నది.

సేన యొక్కటే పురమును కట్టజాలదు. ఆ పనిని చేసినది వర్తకము. ఈ చోటికి వచ్చు సరకులపై సుంకము లేకుండ నిజాము మినహాయింపు నిచ్చెను. సుంకములేని బజారు, జీతము తప్పక ముట్టు సిపాయి, రక్షణకు కంపెనీ జెండా: ఈ మూడును కూడిన చోటికి వర్తకులు రాకుందురా? రెజిమెంటలు బజారు, జనరలు బజారు అను పేరులతో అంగడివీధులు వెలసినవి. తెలుగువారితో పాటు తమిళులు, పార్సీలు, మార్వాడీలు వచ్చి స్థిరపడిరి. సైన్యమున డోలీ మోయు పనిలో నుండిన సురిటి అప్పయ్య 1815లో నెలకొల్పెనని చెప్పబడు ఉజ్జయినీ మహంకాళి గుడికి నేటికిని లష్కరు బోనాలు సమర్పింపబడుచున్నవి. 1874లో వాడి నుండి వచ్చిన యినుపదారి ఈ బజారులను దేశమునందలి తక్కిన రేవులతో కలిపినది. ఇట్లు శతాబ్ది గడచునప్పటికి హుసేనుసాగరు కట్టకు ఒకవైపున నిజాము నగరము, మరొకవైపున ఇంగ్లీషువారి పురము నిలిచినవి. భాషలు, వీధులు, ఆచారములు నిత్యము కట్టను దాటి రాకపోకలు చేసినవి. ఏలుబడి మాత్రము దాటలేదు.

1945లో సికింద్రాబాదునకు పురపాలక సంఘ మేర్పడెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమయ్యెను. 1950 నాటి శాసనముచే హైదరాబాదు, సికింద్రాబాదు రెండును సరిసమానముగా నగరపాలక సంస్థలయ్యెను. బిడారము నగరమైనది. కాని యా గౌరవము పదేండ్లే నిలిచినది. 1955 నాటి హైదరాబాదు నగరపాలక సంస్థల శాసనము ననుసరించి, 1960లో రెండు సంస్థలును ఒక్కటిగా కలుపబడెను. కంటోన్మెంటు ప్రాంతము మాత్రము ఆ విలీనమున చేరలేదు. పురము కలిసిపోయినను బిడారము విడిగనే మిగిలెను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఈ విడి పురము ఎవరి సొమ్ముతో నిలిచినది? 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన తరువాత టిప్పు రాజ్యమును పంచుకొన్నప్పుడు గుత్తి, గుర్రంకొండ సీమలు నిజాము వంతునకు వచ్చినవి. అవి ఆయన చేత నిలిచినది ఏడాది పైచిలుకు మాత్రమే. 1800 అక్టోబరులో జరిగిన క్రొత్త సంధి ప్రకారము సైన్యపు సంఖ్యను పెంచి, నగదు చెల్లింపునకు మారుగా, 1792లోను 1799లోను మైసూరు నుండి తాను పొందిన సీమలను నిజాము కంపెనీకి దత్తము చేసెను. నేడు మనము రాయలసీమ యని పిలుచుకొను నేలలో అధికభాగము ఇట్లు చేతులు మారినది. గుర్రంకొండకు పొరుగైన కలకడయు ఈ మార్పునకు లోనయ్యెను. సికింద్రాబాదున నిలిచిన సేన జీతమునకు బదులుగా ఇయ్యబడిన భూమి ఇదియే.

కలకడ రైతు కట్టిన ప్రతి రూపాయియు జనరలు బజారునకు చేరెనని మా భావము కాదు. ఆ శిస్తు కంపెనీ బొక్కసమున పడినది. కాని సంధిలోని తర్కము స్పష్టము. సేనకు జీతము కావలయును. జీతమునకు భూమి కావలయును. భూమికి శిస్తు కట్టు రైతు కావలయును. 1800 మొదలు 1807 వఱకు ముఖ్య కలెక్టరుగా నున్న తామస్ మన్రో ఈ సీమలలో ఎనుబదిమంది పాలెగాండ్రను అణచి, భూములను కొలిపించి, రైతులతో నేరుగా శిస్తు నిర్ణయింపజేసెను. అదే కాలమున, 1806లో, సికింద్రాబాదు బజారు సుంకము లేకుండ వర్ధిల్ల నారంభించెను. ఒకచోట శిస్తు కొలత, వేరొకచోట సుంకపు మినహాయింపు. ఈ రెండును ఒక్క సంధికి రెండు ముఖములు. నగర చరిత్రను నగరపు దస్త్రములలోనే వెదకినచో రెండవ ముఖము మనకు కనబడదు.

ఇతర దేశములలో ఈ విషయమెట్లు నడచినదో చూచిన మన కథలోని లోపము మఱింత తేటపడును. అమెరికాలో నగర శివారులు ప్రత్యేక నగరములగుటకు పౌరుల వోటు సాధారణ మార్గము. జార్జియా రాష్ట్రమున అట్లాంటా చెంతనున్న శాండీ స్ప్రింగ్స్ 2005లో అట్లే నగరమైనది. లూసియానాలో బేటన్‌రూజ్ ప్రక్కనున్న సెయింట్ జార్జి ప్రాంతమువారు 2019లో వోటు వేసి విడివడ నిశ్చయించిరి. వ్యాజ్యము నడచి, 2024 ఏప్రిలులో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము దానికి దారి విడిచినది. ఆ వ్యాజ్యమున ముఖ్య వివాదము ఆదాయమును గూర్చియే. విడిపోవువారు కట్టు పన్ను పోయిన, మిగిలినవారికి పనులెట్లు జరుగును? అంతకు ముందు 2002లో లాస్ ఏంజెలిసు నుండి శాన్ ఫెర్నాండో లోయ విడిపోవుటకు వోటు జరిగినప్పుడు, లోయవారి సమ్మతియే గాక మొత్తము నగరపు సమ్మతియు కావలెనని నియమముండెను. లోయవారు స్వల్పాధిక్యముతో ఔననిరి, నగరము కాదనినది, లోయ విడిపోలేదు. విడివడుట యనగా విడివడువారి విషయమే గాక మిగిలిపోవువారి విషయము గూడ ననునది ఆ నియమపు సారము.

మన చాదర్‌ఘాట్‌ను 1886లో వేరు చేసినప్పుడు గాని, 1933లో కలిపినప్పుడు గాని, సికింద్రాబాదును 1960లో కలిపినప్పుడు గాని, ఇట్టి వోటు లేదు. విడదీయుటయు, కలుపుటయు శాసనముచేతనే జరిగినవి. 2007లో హైదరాబాదు చుట్టునున్న పండ్రెండు పురపాలక సంఘములు మహానగరపాలక సంస్థలో చేరినప్పుడును ఆ సంప్రదాయమే సాగినది. ఎవరు కట్టుదురు, ఎవరు పొందుదురు అను లెక్క ప్రజల ముందు పెట్టబడుట మన పురచరిత్రలో అరుదు.

కలకడ సీమ కథయు ఇట్టిదే. దత్తమండలములు విడివడినప్పుడు కడప జిల్లాలో నుండిన మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు 1911 ఏప్రిలు 1వ తేదీన క్రొత్తగా నేర్పడిన చిత్తూరు జిల్లాలో చేరినవి. వాటితో కలకడయు చేరినది. 1985లో మండలములు వచ్చినప్పుడు కలకడ మండల కేంద్రమైనది. 2022 ఏప్రిలులో జిల్లాలను పునర్విభజించినప్పుడు మదనపల్లెయు, కలకడయు రాయచోటి కేంద్రముగా నేర్పడిన అన్నమయ్య జిల్లాలో చేర్పబడగా, పుంగనూరు, కుప్పములు చిత్తూరులోనే నిలిచినవి. జిల్లా కేంద్రము మదనపల్లెయే కావలెనను కోరిక అప్పుడు గట్టిగా వినబడినది. 2025 నవంబరులో మదనపల్లె కేంద్రముగా జిల్లా నేర్పరుచు ప్రతిపాదనను ప్రభుత్వము ముందునకు తెచ్చినది. ఊరు కదలలేదు, రెండువందల యేండ్లలో పొలిమేరలే దాని చుట్టు కదలినవి.

కావున మా నిర్ణయమిది. పొరుగు పేట పురమగుటకు జనసంఖ్యయు, దూరమును ముఖ్యములు కావు. దానికై కట్టువాడెవడు అనునదియే ముఖ్యము. చాదర్‌ఘాట్ తన నగరముతోనే నీటిని, వరదను పంచుకొన్నది గనుక తిరిగి దానిలో చేరినది. సికింద్రాబాదు పరుల శిస్తుపైని, సుంకము లేని వర్తకముపైని పెరిగినది గనుక నూటయేబది యేండ్లు విడిగా నిలువగలిగినది. ఆ యాధారము తొలగిన పిమ్మట పదునైదేండ్లలో కలిసిపోయినది. మన పట్టణముల చరిత్రను వ్రాయబూను పరిశోధక విద్యార్థులు పురపాలక దస్త్రములతో పాటు సంధిపత్రములను, శిస్తు లెక్కలను, దూరపు గ్రామముల కైఫీయతులను గూడ ప్రక్కప్రక్కన పెట్టి చదువవలయును. అట్లు చదివినప్పుడే సికింద్రాబాదు చరిత్రలో కలకడ రైతునకు న్యాయముగా రావలసిన పుట దొరకును.