నిరూపణ భారం: కర్నూలు, కడప సీమల్లో దూదేకుల అస్తిత్వం

ఉర్దూ రానివాళ్లను నిండు ముస్లింలుగా ఒప్పుకోవడానికి కర్నూలు, కడప ప్రాంతాల్లో ఇప్పటికీ వెనకాడేవాళ్లున్నారు. ఆ సంకోచం బరువంతా మోసినవాళ్లు దూది ఏకడం కులవృత్తిగా ఉన్న దూదేకులవాళ్లు. మగపిల్లలకు సున్తీ చేయిస్తారు, పండగపూట ఈద్గాకు పోతారు, చనిపోయినవాళ్లను ఖననం చేస్తారు. ఇంటి భాష మాత్రం తెలుగే. ఉర్దూ మాట్లాడే కుటుంబాలు వీళ్లతో పెళ్లి సంబంధమంటే వెనక్కి తగ్గుతాయి. హిందువులకేమో వీళ్లు సాయిబులే. ఆచారాల కలగలుపు సీమలో అందరిదీ అయినా, తామెవరో రుజువు చేసుకోవలసిన భారం మాత్రం దూదేకులవాళ్ల మీదే పడిందన్నది ఈ వ్యాసం వాదన.

ఈ భారం చదువుకున్నవాళ్ల రాతల్లోనూ కనిపిస్తుంది. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ కులాల సంపుటాల్లో దూదేకుల గురించి ఒక వర్ణన ఉంది. పెళ్లిలో తాళి కడతారనీ, వేషం హిందువుల వేషాన్ని పోలి ఉంటుందనీ, ఇస్లాం గురించి వీళ్లకు తెలిసింది తక్కువనీ, అయినా సున్తీ తప్పదనీ, ముస్లిం సాధువుల పట్ల భక్తి మెండనీ అందులోని సారాంశం.   వివరాలతో నాకు పేచీ లేదు, కొలతతోనే పేచీ. దూదేకులవాళ్లు ఏం చేస్తారో చూసి రాసిన వాక్యాలివి కావు, ఇంకెవరితోనో పోల్చి ఎంత తక్కువో లెక్కగట్టిన వాక్యాలు. తర్వాత మన తెలుగు రాతల్లో కూడా ‘సగం హిందువు, సగం ముస్లిం’ అనే మాట సులభంగా దొర్లిపోయింది.

ముస్లిం కావడానికి ఉర్దూ అవసరమా? కేరళ మాప్పిళ్లలు మలయాళం మాట్లాడతారు, తమిళనాట రావుత్తర్లు తమిళం మాట్లాడతారు. వాళ్ల ముస్లింతనానికి ఆ భాషలు అడ్డు రాలేదు. అక్కడి తీరాలకు ఇస్లాం ముందుగా ఓడవర్తకులతో వచ్చింది. సీమలో అది కోటలతో, కొలువులతో ముడిపడింది. కడపలో మయానా నవాబులు, కర్నూలులో 1839 దాకా పఠాను నవాబులు, బనగానపల్లెలో 1948 దాకా మరో నవాబు వంశం పాలించారు. ఇక్కడ ఉర్దూ హోదాకు గుర్తయింది. దూది ఏకి పరుపులు కుట్టుకునే కుటుంబాలకు ఆ కొలువుల్లో చోటెక్కడిది? కనుక ఉర్దూ రాకపోవడాన్ని మతంలో లోటుగా కన్నా, తరగతి తేడాగా చూడటమే సబబు.

ఇక దూదేకుల ఇళ్లలోని పేర్లు. దస్తగిరమ్మ, హుసేనప్ప, పక్కీరమ్మ, కుళ్లాయప్ప. దస్తగిరి అంటే బాగ్దాదు సాధువు అబ్దుల్ ఖాదర్ జీలానీ, కుళ్లాయప్ప అంటే అనంతపురం జిల్లా గూగూడు పీరు. అయితే కుళ్లాయప్ప పేరు సీమలో అన్ని కులాల ఇళ్లలోనూ ఉంది. మస్తాన్ రెడ్డిలూ ఉన్నారు. మొహర్రంలో పీర్ల ముందు నిప్పుల గుండం తొక్కేవాళ్లలో హిందువులుంటారు. ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరుణ్ణి బీబీ నాంచారి భర్తగా, తమ అల్లుడిగా తలచి ముస్లింలు గుడికి వస్తారు. మస్తాన్ రెడ్డి హిందుత్వాన్ని ఎవరూ శంకించరు, కుళ్లాయప్ప దూదేకులవాడైతే మాత్రం ‘నువ్వు అసలు ముస్లింవేనా?’ అంటారు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

ఈ ప్రశ్న కడప సీమలో పాతదే. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ముఖ్య శిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంట పుట్టినవాడు. కొడుకు మఠంలో చేరాడని తల్లిదండ్రులు నొచ్చుకున్నారనీ, సంగతి నవాబు దాకా పోయిందనీ, సిద్దయ్య అక్కడ జవాబు చెప్పుకోవలసి వచ్చిందనీ జనంలో కథ. గురువు జీవసమాధి పొందాక ఆయన దండం, పాదుకలు అందినది సిద్దయ్యకే అని సంప్రదాయం. 1984లో ఎన్‌.టి.రామారావు తీసిన సినిమాలో బాలకృష్ణ వేసింది ఈ పాత్రే. కందిమల్లాయపల్లె మఠానికి పోయే భక్తులు ముడుమాలలో సిద్దయ్యనూ దర్శిస్తారు. సిద్దయ్యను మతైక్యానికి గుర్తుగా పొగిడే వ్యాసాలు చాలా ఉన్నాయి, ఆయన పుట్టిన కులం వాళ్ల ఇవాళ్టి బతుకును పట్టించుకున్నవి తక్కువ.

యంత్రాలు వచ్చాక దూదేకే విల్లు మూలపడింది. పని పోయింది కానీ పేరు పోలేదు. ఆ పేరు చిన్నతనమనిపించి కొందరు నూర్‌బాషా అన్నారు, కొందరు పేరుకు ముందు ‘షేక్’ చేర్చుకున్నారు. ప్రభుత్వ జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అన్నీ ఒకటిగా బీసీ-బిలో ఉన్నాయి. 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఇలో షేక్‌లున్నారు. గౌరవం కోసం చేర్చుకున్న రెండక్షరాలు కుల ధ్రువపత్రం దగ్గర చిక్కుముడి కాగలవు. పేరు మార్చుకున్నవాళ్లను నేను తప్పుపట్టను. అవమానం తప్పించుకోవాలనుకోవడం మనిషికి సహజం.

అయితే ఇంకో దారి పట్టినవాళ్లూ ఉన్నారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ ఆత్మకథ పేరు ‘పింజారి’. తిట్టుగా వాడే మాటనే ఆయన పుస్తకం అట్ట మీదికి ఎక్కించాడు. కవి యాకూబ్ రాసిన ‘అవ్వల్ కల్మా’ కవిత ముస్లింలలోనే ఉన్న కుల అంతరాన్ని సూటిగా ప్రశ్నించింది. ‘మేము తెలుగువాళ్లం, ముస్లింలం’ అనే మాటలో ‘అయినా’ అనే అడ్డు ఉండనక్కర్లేదు. సీమ పరిశోధకులు ఇకనైనా పీర్ల చావిళ్లలో, దర్గాల్లో ముజావర్లుగా ఉన్న దూదేకుల కుటుంబాల దగ్గరికి పోయి, వాళ్ల ఆచారాలను వాళ్ల తెలుగులోనే నమోదు చేయాలి. ఎంత హిందువులు, ఎంత ముస్లింలు అన్న లెక్కతో మొదలుపెట్టకూడదు. ఇన్నేళ్లుగా ఆ చావిడిని ఎలా నడుపుకొచ్చారన్నదే మొదట అడగాలి.