పదో తరగతి తర్వాత వృత్తి, సాంకేతిక విద్య: సమాచార సమస్య

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పదో తరగతి పాసైనవారికి ఇంటర్ ఎంపీసీ, బైపీసీ వంటి గ్రూపులు కాక వృత్తి, సాంకేతిక విద్యలో ప్రధానంగా మూడు దారులున్నాయి. మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమాకు పాలిసెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఐటీఐలో మార్కులను బట్టి సీటిస్తారు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడ్లు రెండేళ్లు, వెల్డర్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్) ఏడాది. మూడోది రెండేళ్ల ఇంటర్ ఒకేషనల్. ఇవేవీ కొత్తవి కావు. ఐటీఐ శిక్షణ పథకం 1950లోనే మొదలైంది. 1995 నాటికి ప్లస్ టూ విద్యార్థుల్లో 25 శాతం వృత్తి కోర్సుల్లో ఉండాలని 1986 జాతీయ విద్యావిధానం లక్ష్యం పెట్టుకుంది. కానీ 12వ పంచవర్ష ప్రణాళిక అంచనా ప్రకారం, దేశంలో పనిచేసే 19–24 ఏళ్ల యువతలో పద్ధతి ప్రకారం వృత్తి విద్య పొందినవారు 5 శాతం లోపే; దక్షిణ కొరియాలో 96 శాతం. ఈ వెనుకబాటుకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో తక్కువ ఖర్చుతో సరిదిద్దగలిగినది, అయినా ఎవరూ పెద్దగా పట్టించుకోనిది ఒకటుంది: ఏ కోర్సు ఎక్కడుందో విద్యార్థికి తెలియకపోవడం.

సమాచారం లేక కాదు, అది చెల్లాచెదురుగా ఉండటం వల్లే ఈ ఇబ్బంది. పాలిటెక్నిక్‌లు సాంకేతిక విద్యాశాఖ కిందికి, ఒకేషనల్ కోర్సులు ఇంటర్మీడియట్ బోర్డు కిందికి వస్తాయి. ఐటీఐలది మరో శాఖ. ఎవరి నోటిఫికేషన్ వారిది, ఎవరి గడువు వారిది. తన మండలానికి దగ్గర్లో ఈ మూడింటిలో ఏ సీట్లున్నాయో పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలంటే పదిహేనేళ్ల పిల్ల ప్రభుత్వ శాఖల పని విభజన తెలుసుకోవాలి. అదే సమయంలో ప్రైవేటు జూనియర్ కాలేజీల పీఆర్వోలు పది పరీక్షలు కాకముందే ఇంటికి వచ్చి ఫీజు మాట్లాడుకుని వెళ్తారు. ఐటీఐ తరఫున తలుపు తట్టేవారు లేరు. రెండు పక్షాలూ ఇంటిదాకా వస్తేనే కదా ఎంపిక అనిపించుకునేది!

తల్లిదండ్రులు ఇంజినీరింగే కావాలంటున్నప్పుడు సమాచారమిచ్చి ఏం లాభమన్నది తరచూ వినిపించే ఆక్షేపణ. చేతిపనికి మన సమాజం ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వడం లేదన్నది నిజమే. అయితే పాలిసెట్‌నే చూడండి. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏటా సుమారు రెండు లక్షల మంది పిల్లలు రాస్తున్నారు. డిప్లొమాకున్న విలువ ఇందుకు ఒక కారణం. ఏ రాష్ట్రానికా రాష్ట్రంలో ఒకే పరీక్ష, ఒకే కౌన్సెలింగ్, పేపర్లో వచ్చే ఒకే తేదీ ఉండటం మరో కారణం. దారి స్పష్టంగా కనిపించిన చోటికి పిల్లలు వెళ్తున్నారు.

కొన్ని సంస్థల్లో పనిముట్లు పాతవి, బోధకులు చాలరు, అలాంటివాటిని చూపించడం దేనికన్నది మరో వాదన. ఇది గట్టి వాదనే, కానీ దాచడానికి కాదు, పూర్తిగా చూపడానికి ఇదే కారణం. ఎందరు చేరారు, ఎందరు పూర్తిచేశారు, ఎందరికి అప్రెంటిస్‌షిప్ దొరికిందన్నది ప్రతి సంస్థ పేరు పక్కనా ఉంటే బలహీనమైనవి బయటపడతాయి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైంది; ఆ మార్పు ఏ ఊళ్లో ఎంతవరకు వచ్చిందో చేరబోయేవారికి తెలియాలి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరు: పేద పిల్లలను పనిలోకి, ఉన్నవారి పిల్లలను చదువులోకి పంపే ఏర్పాటుగా వృత్తి విద్య మారుతుందేమోనన్న భయం. ఆ భయం న్యాయమైనది. కానీ పైచదువు దారి తెలియనప్పుడే అది నిజమవుతుంది. డిప్లొమా చేసినవారు ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఒకేషనల్ వారు బ్రిడ్జి కోర్సు పాసై జనరల్ ఇంటర్ వారితో సమానంగా పైచదువులకు వెళ్లవచ్చు. ఐటీఐ నుంచి డిప్లొమాలోకీ దారి ఉంది. కోర్సు పేరు చెప్పి ఈ సంగతి చెప్పకపోతే అది సగం సమాచారమే.

డిగ్రీ ప్రవేశాల్లో ఇలాంటి చిక్కును తెలంగాణ 2016లో దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల వేదికతో చాలావరకు విప్పింది. వేర్వేరు విశ్వవిద్యాలయాల కాలేజీలకు ఒకే దరఖాస్తు సరిపోతోంది. పది తర్వాతి కోర్సులకూ అలాంటి వేదిక సాధ్యమే. పిన్‌కోడ్ కొడితే దగ్గరి సంస్థలు, అర్హత, ఫీజు, హాస్టల్, బస్సు వసతి, ఆ పై దారి తెలుగులో, చిన్న ఫోన్లో కనిపించాలి. ఫోన్ లేని ఇళ్ల కోసం అదే వివరాలను మండలాలవారీగా అచ్చువేసి హైస్కూలు గోడకు అంటించాలి. ఇదంతా ఫలితాల రోజున కాదు, తొమ్మిదో తరగతిలోనే మొదలుకావాలి. మూడు శాఖలూ తమ సీట్ల జాబితాలను ఒకచోట చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. రెండు ప్రభుత్వాలూ వచ్చే ప్రవేశాలకు ముందే ఆ పని చేపట్టాలి.