డబ్లిన్ నగరమున బరంపురము విద్యార్థి

మన తెలుగువారు విద్యకొఱకును, ఉద్యోగములకొఱకును దూరదేశములకు పోవుట క్రొత్త కాదు. పోయినవారు ఏమి సంపాదించిరో లెక్కించుచుందుము గాని, పోయిన యూరిలో ఎట్లు మెలగిరో, అచ్చట ఏమి చూచిరో విచారించుట తక్కువ. బరంపురమున పుట్టి భారత రాష్ట్రపతి పదవి నలంకరించిన శ్రీ వరాహగిరి వేంకటగిరిగారి డబ్లిన్ నివాసము ఈ విషయమున గమనింపదగినది.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన న్యాయవాదియగు జోగయ్యపంతులుగారి యింట జన్మించిరి. అప్పుడు బరంపురము మద్రాసు రాజధానిలోనిది. 1936లో ఒడిశాలో చేరినది. 1913లో వారు న్యాయశాస్త్రము చదువుటకై ఐర్లండునకు ముఖ్యపట్టణమగు డబ్లినునకు వెళ్ళిరి. ఆనాడు ఐర్లండును మనవలెనే ఆంగ్లేయుల యేలుబడిలో నుండెను.

లండనునుండి డబ్లిను చేరువారు హోలీహెడ్ వఱకు రైలులోను, అటుపిమ్మట కింగ్స్‌టౌన్ రేవు వఱకు తపాలా స్టీమరులోను పోయెడివారు. దిగినంతనే గడియారమును 25 నిమిషములు వెనుకకు త్రిప్పుకొనవలెను. డబ్లినునకు వేఱు కాలమానముండెను. అది 1916 అక్టోబరులో రద్దయినది. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. కచేరీలో ఏండ్లతరబడి పద్దులు వ్రాసిన మాకు, అణాలకు అలవాటుపడిన కుఱ్ఱవాడు ఆ లెక్కతో పడిన తంటాలు ఊహకందుచున్నవి.

ఊరిలో తిరుగుటకు విద్యుచ్ఛక్తితో నడచు ట్రాములుండెను. అవి శాక్‌విల్ వీధిలోని నెల్సన్ స్తంభమువద్ద కూడెడివి. ఆ తావు తెలిసినచో ఊరిలో దారి తప్పు భయము లేదు. విశ్వవిద్యాలయ కళాశాల లిఫీ నదికి దక్షిణమున, న్యాయవిద్యకు నెలవైన కింగ్స్ ఇన్స్ ఉత్తరమున నుండెను. న్యాయవాది కాగోరువాడు పాఠములు వినుటయేగాక, ఆ సంస్థ భోజనశాలలో నియమితసంఖ్యలో విందులకు కూర్చుండవలెను. ఆచారవంతులయిండ్లనుండి పోయిన మన పిల్లలకు ఇది చిన్న పరీక్ష కాదు.

కింగ్స్ ఇన్స్ చెంతనున్న హెన్రియెటా వీధి ఒకప్పుడు ప్రభువుల మేడలతో నిండినది. 1911 జనాభా లెక్కలనాటికి అందొక్క యింటనే నూరుగురు కాపురముండిరి. గిరిగారు వచ్చిన యేటనే ఆగస్టు 26వ తేదీన ట్రాము కార్మికులు బండ్లను నడివీధిలో నిలిపివేసిరి. అటుపై యజమానులు సుమారు 20,000 మంది కార్మికులకు పని లేకుండ చేసిరి. ఆ పోరు 1914 ఆరంభము వఱకు సాగినది. న్యాయశాస్త్ర గ్రంథములలో దొరకని పాఠము వీధిలోనే యుండెను.

1916 ఏప్రిల్ 24వ తేదీన ఐరిష్ దేశభక్తులు తిరుగుబాటు చేసిరి. కళాశాలలో ఆంగ్లసాహిత్యము బోధించుచుండిన థామస్ మక్‌డొనా అందొక నాయకుడు. మే 3వ తేదీన ఆయనను కాల్చి చంపిరి. భారతీయ విద్యార్థులపై పోలీసు నిఘా పెరిగెను. జూన్ 21వ తేదీన గిరిగారికి న్యాయవాద పట్టము లభించినది. జూలై 1వ తేదీలోగా ఐర్లండు విడువవలెనని ఉత్తరువును వచ్చినది.

స్వదేశము చేరినపిదప వారు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకులై, 1928లో సమ్మె నడపిరి. బరంపురము మీదుగా పోవునది ఆ రైలుమార్గమే. ఖరగ్‌పూరులో మన తెలుగు కుటుంబములనేకము దానినే నమ్ముకొని స్థిరపడినవి. 1937లో మద్రాసు రాష్ట్ర కార్మికశాఖామంత్రియైరి, 1969లో రాష్ట్రపతియైరి.

నేడు మన పిల్లలు డబ్లినునకు, లండనునకు, బెర్లినునకు పోవుచున్నారు. అద్దె, జీతము, బస్సుదారి తెలిసికొనుట అవసరమే. దానితోపాటు ఆ యూరివారి కష్టమును కూడ కన్నులార చూడుమని వారికి చెప్పవలసిన భారము మనది. పరభాషల నడుమ తరతరములుగా బ్రదికి, ఇరుగుపొరుగుల మంచితనము వలన నిలిచిన మనకంటె ఆ మాట చెప్పదగినవారెవరు?