దినచర్య లేఖనము

కాసునకు లెక్క వ్రాసికొను మన గోదావరీతీర గృహస్థులు దినమునకు లెక్క వ్రాసికొనరు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18 మొదలు 1831 సెప్టెంబరు 3 వఱకుఁ గాశీయాత్ర చేయుచు, మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారి కోరికపై నానాఁటి సంగతులు వ్రాసిరి. అవి 1838లో గ్రంథముగా వెలువడెను. తిరుగు దారిని వారు గోదావరిని దాటునప్పటికి ధవళేశ్వరమున ఆనకట్ట లేదు. అది 1852లోఁ గాని ముగియలేదు.

లోకమునకుఁ గలిగిన లాభ మటుండనిండు. వ్రాసినవారి కేమి కలిగెను? రాత్రి వ్రాయవలసినవాఁడు పగలు చూడకయు, అడుగకయు నుండలేఁడు. అంతకంటె మాకు ముఖ్యముగాఁ దోఁచున దొకటి కలదు: మఱునాఁడు తన తలంపునే పరుల తలంపువలెఁ జదివి తూఁచుకొనవచ్చును. ఇది మన యింటి స్త్రీలకు మఱింత యవసరము. వంటయింటఁ గడచు వారి దినము లే చిట్టాకును ఎక్కవు.